కనకవ్వ వాకిట తెల్లపొడి

మా యారాలు కనకవ్వ ఎవరినీ నమ్మేది కాదు. ఆవలిస్తే పేగులు లెక్కబెట్టే మనుషులుంటారు. ఈమె ఎదుటివాడు ఆవలించకముందే లెక్క మొదలుపెట్టేది. చౌకదుకాణంలో బియ్యం తూస్తే తక్కెడ పళ్లాలు అటుదిటు మార్చి మళ్లీ తూయమనేది. దవాఖానలో కాంపౌండర్ సీసాలో ఎర్రమందు పోసిస్తే, ముందు నువ్వొక గుక్క తాగి చూపించమనేది. షిఫ్టు దిగి వచ్చిన మొగుడి టిఫిన్ డబ్బా మూత తీసి వాసన చూసి, తాను పెట్టిన కూరే తిన్నాడా, మధ్యలో ఇంకెవరైనా పెట్టారా అని ఆరా తీసేది. మా బావ రాయమల్లు బొగ్గుబాయిలో ఫిల్లర్. తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. ఎనిమిది గంటలు భూమి కింద నడుం వంచి వచ్చిన మనిషికి ఇంకో ఇంటి కూర మీద మనసు పోతుందా? ఆ మాట నేనంటే, "నీకేమెరుకనే అనసూర్యా, నువ్వింక పోరివి" అనేది. ఆమె పెద్ద కోడలు, నేను చిన్న కోడలిని. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అంతే.

అయితే ఊరికే అలా తయారైన మనిషి కాదు. తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, వాళ్లమ్మను "చెల్లె, చెల్లె" అని పిలిచే పెద్దమనిషి ఒకడు కాగితం పట్టుకొని వచ్చాడట. సర్కారు మీ చెలకలో బావి తవ్విస్తుంది, వేలిముద్ర వెయ్యి అన్నాడట. సిరా బుడ్డి పట్టుకొని నిలబడ్డది కనకవ్వే. బావి రాలేదు, చెలక పోయింది. తన చెలకలోనే వాళ్లమ్మ కూలికి కలుపు తీసింది. అందుకే తియ్యగా మాట్లాడేవాళ్లంటే మా యారాలికి ఒళ్లు మంట. మాట్లాడకుండా ఊరుకునేవాళ్లంటే ఇంకా మంట.

ఎల్లేశం ఆ రెండో రకం.

కనకవ్వకు మేనమామ ముత్యం. గోదావరిఖనిలో ఆఫీసర్ల బంగళాల్లో తోటమాలిగా చేసి, చేతకాక ఇంట్లో పడ్డాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. మా క్వార్టర్లకు కోసెడు దూరంలో ఊళ్లో అతనికి పెంకుటిల్లు ఒకటి, వెనక కొంచెం జాగా, ఆ జాగాలో ఓ మట్టి కొట్టం. రెండేళ్లు కనకవ్వే అన్నం మోసింది. డెబ్బై రెండులో, వానలు మొహం చాటేసిన ఆ ఏడు, ఆషాఢంలో ముసలాయన పోయాడు. పోయేముందు కులపెద్ద సదయ్యను పిలిపించి, ఇల్లు నా మేనకోడలికే అని నలుగురి ముందు చెప్పాడు. ఎల్లేశం ముత్యం తమ్ముడి కొడుకు. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు బస్తాలు ఎత్తేవాడు. వరస ప్రకారం ఇల్లు తనకు రావాలి. ఆ రోజు అక్కడే, దర్వాజకు ఆనుకొని నిలబడి అంతా విన్నాడు. ఒక్క మాట అనలేదు.

"లొల్లి వెట్టెటోన్ని నమ్మొచ్చు. గీడేందే, నోట్లె బెల్లంగడ్డ వెట్టుకున్నట్టు నిలవడ్డడు? ఏదో ఉంది" అన్నది కనకవ్వ నా చెవిలో.

దినాలైన మర్నాడు, మేమింకా ముత్యం ఇంట్లో ఉండగానే, ఎల్లేశం వచ్చాడు. ఇంట్లోకి రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

"వదినె, కొట్టంల పెద్దబాపు తోట మందులున్నయి. మంచియి గావు. తాళం ఇయ్యి, నేను గుంత తవ్వి పూడుస్త."

"రేపు రా" అన్నది కనకవ్వ.

అతను మలుపు తిరిగాడో లేదో, నా చెయ్యి పట్టి కొట్టం దగ్గరికి గుంజుకుపోయింది. ఆమె లెక్క ఆమెది. పనికిరాని సామాను పారేయడానికి ఇంకొకడు పని మానుకొని వస్తాడా? ముసలాయన జీవితమంతా దొరల బంగళాల్లో తిరిగాడు, ఏదో దాచి ఉంటాడు, అది ఎల్లేశానికి తెలుసు. మందులున్నాయని భయపెడితే మనం అటు పోమని వాడి ఎత్తు.

తలుపు తీసేసరికి ముక్కులు పగిలే వాసన వచ్చింది. కళ్లవెంట నీళ్లు కారాయి. లోపల బల్ల మీద వరసగా సీసాలు, నల్లగా చిక్కగా పాకం లాంటి మందు. చీటీలు సగం చెదలు తిన్నాయి. పుర్రె, ఎముకల బొమ్మలున్న రేకు డబ్బాలు రెండు. పచ్చటి గంధకం, నీలం రాళ్ల మైలుతుత్తం, తుప్పు పట్టిన పిచికారి పంపు. ఒక డబ్బా అడుగు చిల్లి పడి ఏదో నేలలోకి కారింది. ఆ మేర నేల నల్లగా బిగుసుకుపోయింది, పక్కన ఓ బల్లి ఎండిపోయి పడి ఉంది. నాకు వెనక్కి పరుగెత్తాలనిపించింది. మా యారాలు మాత్రం కొంగు ముక్కుకు కట్టుకొని, గడ్డపారతో కొట్టం నాలుగు మూలలా తవ్వి చూసింది. లంకెబిందెలేమీ దొరకలేదు.

దొరికింది ఒక సంచి. మూలన, గోడకు ఆనించి, మూతి కట్టి, సగానికి తెల్లటి పొడి. సంచి మీద ముద్ర చూడగానే ఇద్దరం గుర్తుపట్టాం. బొగ్గుబాయి సంచి. బాయిలో బొగ్గుదుమ్ముకు నిప్పంటుకోకుండా దారుల వెంట తెల్లటి రాతిపొడి చల్లుతారు. ఖాళీ సంచులు దులిపితే అడుగున మిగిలిన పొడి మగవాళ్లు ఇంటికి తెచ్చేవాళ్లు. కాలనీలో ఏ ఇంటి ముందు చూసినా ఆ పొడితో వేసిన ముగ్గే. ముగ్గుపిండి కొనడం మేమెప్పుడో మరిచిపోయాం.

"సూసినవా? రాతిపొడి. గిది కూడ మందులని పట్టుకపోదామనుకున్నడు" అన్నది కనకవ్వ.

దాచిపెట్టి కథ చెప్పే గుణం నాకు లేదు, ఇక్కడే చెప్పేస్తాను. అది రాతిపొడి కాదు. బంగళా తోటల్లో గులాబీ మొక్కల మొదళ్లకు, చెదలకు పెట్టే విషం. దాని డబ్బా తుప్పుపట్టి పగిలితే ముసలాయన చేతికందిన ఖాళీ సంచిలో పోసిపెట్టాడు. వాసన లేదు. రంగు అదే. మేమిద్దరం ముట్టుకున్నాం, వేళ్ల మధ్య నలిపి, మెత్తగా ఉందని మెచ్చుకున్నాం.

ఆ సాయంత్రమే కనకవ్వ మా బావతో సీసాలు, డబ్బాలు అన్నీ ఊరవతల పడావు భూమిలో పాతిపెట్టించింది. సంచి మాత్రం క్వార్టర్లో ఆమె ఇంటికి చేరింది. మర్నాడు ఎల్లేశం పార భుజాన వేసుకొని వచ్చాడు.

"పారేసినం, పో" అన్నది.

"అన్నీ పారేసిండ్రా?"

"అన్నీ."

"నిజంగ అన్నీనా వదినె?"

రెండోసారి అడగడమే అతను చేసిన తప్పు. ఒకసారి అడిగితే మర్యాద, రెండుసార్లు అడిగితే మా యారాలి దగ్గర నేరం. "ఏదో పోయినట్టు అడుగుతున్నడు సూడు, వానికి కావాల్సింది ఇంకేదో ఉంది" అని వారం రోజులు అదే మాట.

ఇంట్లో పాత పొడి ఉన్నన్నాళ్లు దాంతో గడిపి, దీపావళి పోయాక ఆ సంచి విప్పింది. నిజం చెప్పాలంటే ఆ ముగ్గు చూసి నాకు కుళ్లు పుట్టింది. గీత వెన్నలా జారేది, ఎండకు మెరిసేది. నాకూ గిన్నెడు పెట్టమని అడిగాను. "నీకెందుకు, మీ ఆయన తెస్తలేడా?" అన్నది. తన ముగ్గు లాంటి ముగ్గు నా వాకిట్లో ఉంటే తన పరువేమవుతుందని ఆమె బాధ. ఆ పిసినారితనమే నా పిల్లల్ని కాపాడింది, ఈ రోజుకూ దండం పెడతాను.

కోళ్లు మొదట పోయాయి. గుడ్లు పెట్టే కోడి సున్నం కనిపిస్తే పొడుస్తుంది, ముగ్గును కూడా వదలదు. పదిహేను రోజుల్లో ఆరు కోళ్లు మెడలు వాల్చాయి. తెగులనుకుందామంటే పక్కిళ్ల కోళ్లు నిక్షేపంగా ఉన్నాయి. అవి తన వాకిట్లో అడుగుపెడితే కనకవ్వ కర్ర పట్టుకొని తరిమేది కదా, ఎందుకు చస్తాయి? తరువాత మేకపిల్ల పోయింది. ఆ తరువాత ఆమెకే కడుపులో తిప్పడం, వేళ్ల కొసలు పొరలు పొరలుగా ఊడటం మొదలైంది.

ఎల్లేశం ఫ్యాక్టరీకి పోయేది మా క్వార్టర్ల గల్లీ మీదుగానే. సైకిల్ ఆపి వాకిట్లోకి చూసేవాడు. ఒకరోజు దిగి అడిగాడు.

"కోళ్లు సచ్చినయట గద వదినె. కొట్టంల ఇంకేమన్న ఉన్నదేమో, ఒక్కపారి నేను జూస్త."

"నా కొట్టం మీదనే ఉందిర నీ పాణమంత! కోళ్లను సంపినవ్, మ్యాకను సంపినవ్. నాకు గూడ ఏదో జేసినవ్. ఇగో సూడు నా ఏళ్లు!"

గల్లీ అంతా తలుపులు తెరుచుకున్నాయి. ఎల్లేశం మొహం పాలిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టున్నాడని ఎవరో అన్నారు. ఒకసారి ఆ మాట పుట్టాక ఇక ఆగలేదు. కోళ్లకు మందు పెట్టాడన్న మాట రెండు రోజుల్లో చేతబడిగా మారింది. మా దిక్కు ఆ పేరు పడ్డవాడి బతుకేమవుతుందో చెప్పనక్కర్లేదు. పళ్లు రాలగొడతారు, ఊరు వెళ్లగొడతారు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే చేస్తారు. ఎల్లేశం పెళ్లాం అప్పుడు ఏడోనెల. ఆమె నీళ్లకు పోతే బావి దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కకు జరిపారు.

ఎల్లేశమే సదయ్య దగ్గరికి పోయాడు. "ప్రమాణం జేస్త. నేను జేసినట్టయితే నన్ను కోసెయ్యుండ్రి" అన్నాడు.

మా కులంలో ప్రమాణానికి ఒక పద్ధతి ఉంది. నష్టపోయిన ఇంటి ఆడది తెల్లారే అలికి, ముగ్గు వేసి, దాని నడుమ బెల్లం ముద్ద పెడుతుంది. ప్రమాణం చేసేవాడు తడిబట్టలతో వచ్చి, ముద్దను ముగ్గు అంటిందంటినట్టే రెండు చేతులా తీసుకొని, "నేను తప్పు చేస్తే ఇది నాకు విషం కావాలె" అని తినేయాలి. ముగ్గు దులపకూడదు. ఆపైన మూడు రోజులు చూస్తారు. కడుపునొప్పి వచ్చినా చాలు, నేరం రుజువైనట్టే.

చదివేవాళ్లకు ఇప్పటికే అర్థమై ఉంటుంది, ఆ మనిషికి ఏం రాసిపెట్టి ఉందో. అక్కడున్న మాకెవరికీ అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున కనకవ్వ వాకిలంతా అలికింది. చెయ్యి ఏమాత్రం పిసినారితనం చూపలేదు. గీత గీతకూ రెట్టింపు పొడి పోసింది. నడుమ పద్మం వేసి, పసుపు చల్లి, నిమ్మకాయంత బెల్లం ముద్ద పెట్టింది. జనం చుట్టూ చేరారు. సదయ్యకు మంచం వేశారు. ముత్యంతో పాటు బంగళాల్లో మాలిగా చేసిన ముసలి జహంగీర్ కూడా వచ్చాడు. కళ్లు సరిగా ఆనవు, వెనక గోడ పక్కన కూర్చున్నాడు. ఎల్లేశం రెండు బిందెల నీళ్లు నెత్తిన పోసుకొని వచ్చాడు. పుష్యమాసం చలికి వణుకుతున్నాడో, భయానికి వణుకుతున్నాడో తెలియలేదు. భయానికే అని మావాళ్లు తీర్మానించుకున్నారు.

కనకవ్వ కళ్లు బెల్లం మీదే ఉన్నాయి. వాడు తడిబట్టల్లో ఇంకో ముద్ద దాచి తెచ్చి మారుస్తాడని ఆమె అనుమానం. రాత్రే నాతో చెప్పింది, రెప్ప వాల్చనని. అన్నట్టే రెప్ప వాల్చలేదు. అతను వంగాడు. రెండు చేతులూ ముద్ద కిందికి పోనిచ్చి తీశాడు. కింద తెల్లటి పొడి పొరలా అంటుకొని వచ్చింది.

ముద్ద లేచిన చోట చీమలు. ఎర్రచీమలు, గండుచీమలు, ముద్ద కిందికి దూరినవి, ముగ్గు మీదే. ఒక్కటీ కదలడం లేదు. కాళ్లు ముడుచుకొని పడి ఉన్నాయి.

నేనూ చూశాను, కానీ నాకేమీ తట్టలేదు. ఆమెకు తట్టింది. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించిన మనిషికి ఆ ముగ్గు ఒక్కటే అనుమానం లేని వస్తువు. తన చేత్తో తాను వేసింది, ఎవ్వడూ ముట్టలేదు. కోళ్లు రోజూ పొడిచింది అదే. మేకపిల్ల నాకింది అదే. అదంతా ఆ ఒక్క క్షణంలో ఆమె మొహంలో నడిచిపోవడం నేను చూశాను.

"నేను తప్పు చేస్తే ఇది నాకు..." అంటూ ఎల్లేశం చేతులు నోటి దాకా తెచ్చాడు.

కనకవ్వ ముగ్గు తొక్కుకుంటూ ఒక్క దూకు దూకి అతని మణికట్టు పట్టుకుంది. "తినకు! తినకుర ఎల్లేశం! గది విషం! ముగ్గే విషం!"

ముద్ద కింద పడింది. తరువాత జహంగీర్ కర్ర పొడుచుకుంటూ వచ్చి, వంగి, ఆ పొడిని కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూశాడు. సంచి తెమ్మన్నాడు, తడిమాడు.

"యా అల్లా. చెదల మందు ఇది. డబ్బా పగిల్తె నేను, ముత్యం కలిసే గీ సంచిల పోసినం. ఇంట్ల ఉంచకు, పాతెయ్యి అని చెప్పిన ముత్యంకు. పాతిండనుకున్న."

నిజం బయటపడింది, గొడవ తీరిందనుకున్నాను. తీరలేదు. సదయ్య మంచం మీద ముందుకు జరిగి, కనకవ్వను అడిగాడు.

"విషమని నీకెట్ల ఎరుక? జహంగీర్ చెప్పకముందే నువ్వు చెప్తివి."

"చీమలు... చీమలు సచ్చినయి కాక..."

"చీమలు సస్తె విషమని ఎరుకైతదా? ముందుగాలనే ఎరుక ఉన్నదేమో. ఇల్లు రేపెప్పుడన్న అడుగుతడని వాన్ని అడ్డం తీసేద్దామనుకున్నవేమో. కడాఖరికి బుగులైతే ఆపినవేమో."

జనంలో గుసగుస లేచింది. అవునంటే అవునన్నారు. ముగ్గు వేసింది ఈమె, బెల్లం పెట్టింది ఈమె, నింద వేసింది ఈమె. కనకవ్వ మా బావ వైపు చూసింది. రాయమల్లు బావ తల వంచుకున్నాడు. నా వైపు చూసింది. దాచడమెందుకు, నేనూ కళ్లు తిప్పుకున్నాను. నాకు గిన్నెడు పొడి పెట్టమంటే ఎందుకు పెట్టలేదు అన్న మాట ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది. ఇన్నేళ్లు కలిసి తిని తిరిగిన నేనే ఆమెను అంత మాట అనుకున్నాను. ఇప్పటికీ ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

తాను చేయలేదని ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు. అవతలివాళ్లను అలా నిలబెట్టి అడగడమే తప్ప, తాను నిలబడి ఎన్నడూ జవాబు చెప్పిన మనిషి కాదు.

అప్పుడు ఎల్లేశం తన కుడిచెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. మణికట్టు మీద నాలుగు చోట్ల గోళ్లు దిగి రక్తం వస్తోంది.

"గిది సూడుండ్రి కాక. సంపాలనుకున్నోళ్లు గిట్ల పట్టుకుంటరా? ఊకె నిలవడ్డా నేను తింటుంటి గద."

సదయ్య ఆ చేతిని దగ్గరికి తీసుకొని చూశాడు. తరువాత తువ్వాలు దులుపుకొని లేచాడు. "ఇద్దరి మీద ఏం లేదు. పొడి తీసి దూరంగ పాతుండ్రి" అన్నాడు. జనం ఒక్కొక్కరే కదిలారు. కొందరు పోతూ పోతూ కూడా వెనక్కి తిరిగి ఆమెను అదోలా చూశారు.

వాకిట్లో నలుగురం మిగిలాం. ఎల్లేశం తడిబట్టలతోనే పార తీసుకొని, ముగ్గున్న మట్టినంతా జానెడు లోతు గీకి కుప్ప పోశాడు. మా బావ తట్టలకెత్తాడు. పని సగమయ్యాక కనకవ్వ ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎల్లేశం ముందు నిలబడి, తల ఎత్తకుండా, "తప్పయింది" అన్నది. ఆ మాట ఆమె నోట అంతకుముందు నేను వినలేదు, ఆ తరువాతా వినలేదు. "చేతులు కడుక్కో, పోస్త."

ఎల్లేశం చెంబు వైపు చూడలేదు. దాన్ని పట్టుకున్న వేళ్ల వైపు చూశాడు. చెంబు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"ముందుగాల నువ్వు కడుక్కో వదినె" అన్నాడు. "రెండు నెలల సంది రోజూ ముట్టింది నువ్వే. రేపు పొద్దుగాల దవాఖానకు పోదాం, నేను గూడ అస్త."

ఆమె రెండు చేతులూ చాపింది. అతను నీళ్లు పోశాడు. పొరలూడిన ఆ వేళ్లను రుద్దుకుంటూ, మధ్యలో ఆగిపోయి, మా యారాలు వాకిట్లోనే కూలబడి పెద్దగా ఏడ్చింది. ఎల్లేశం ఇంకో చెంబు తేవడానికి లోపలికి పోయాడు.